న్యాయ సందేహాలు: తిప్పి పంపినా తప్పని నోటీసు

ఈసారి మాకు చేరిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం టపాకు సంబంధించినవే. నోటీసు వాపసు వచ్చిందని కొందరు, నోటీసును వాపసు పంపామని కొందరు రాశారు. ఈ రెండు వర్గాల వారికీ చట్టం చెప్పే మాట దాదాపు ఒకటే కాబట్టి ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము. పాఠకుల పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది మిర్యాలగూడ. వడ్ల వ్యాపారం చేసే ఒకాయనకు నాలుగు లక్షల రూపాయలు చేబదులు ఇచ్చాను. బాకీ కింద ఆయన రాసిచ్చిన చెక్కు, ఖాతాలో సొమ్ము లేదన్న కారణంతో జనవరి 6న బ్యాంకు నుంచి తిరిగి వచ్చింది. వకీలు గారి చేత జనవరి 20న రిజిస్ట్రేషన్ పెట్టించి స్పీడ్ పోస్టులో నోటీసు పంపించాను. ఆ కవరు మీద 'డోర్ లాక్డ్' అని రెండుసార్లు, చివరకు 'అన్‌క్లెయిమ్డ్' అని రాసి ఫిబ్రవరి 3న వాపసు వచ్చింది. ఆయనేమో రోజూ దుకాణంలోనే కూర్చుంటున్నాడు. "నాకు నోటీసే ముట్టలేదు, నా మీద కేసు ఎట్లా నిలుస్తది?" అని బజారులో అంటున్నాడట. నా డబ్బు మునిగినట్టేనా?

జవాబు: మునగలేదు. అయితే గడువు నడుస్తున్నది కాబట్టి ముందుగా తేదీల సంగతి చూసుకోండి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ప్రకారం చెక్కు తిరిగి వచ్చిన సమాచారం బ్యాంకు నుంచి మీకు అందిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన తరువాత 15 రోజుల్లో ఆయన సొమ్ము చెల్లించకపోతే నేరం పూర్తవుతుంది. ఆ తరువాత ఒక నెలలోపు మీరు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. మొదటి మెట్టు మీరు సకాలంలోనే ఎక్కారు. రెండో మెట్టు దగ్గర వచ్చిన చిక్కల్లా "అందిన తరువాత" అన్న మాటతోనే. కవరు చేతికి అందనే లేదు కదా, మరి 15 రోజులను ఏ రోజు నుంచి లెక్కించాలి?

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1999లో కె. భాస్కరన్ కేసులో జవాబు చెప్పింది. నోటీసు 'ఇవ్వడం' వేరు, నోటీసు 'అందడం' వేరు అని, సరైన చిరునామాకు పంపడంతోనే పంపినవారి బాధ్యత తీరుతుందని, తీసుకోకుండా మొండికేసే బాకీదారుకు తన తప్పే తనకు రక్షణ కాకూడదని ఆ తీర్పు సారాంశం. ఆ కేసులోనూ కవరు 'అన్‌క్లెయిమ్డ్' అనే వాపసు వచ్చింది. అలా వాపసు వచ్చిన తేదీ నుంచే 15 రోజులు లెక్కించాలని కోర్టు తేల్చింది. ఆ లెక్కన మీ బాకీదారుకు ఇచ్చిన గడువు ఫిబ్రవరి 18తో తీరిపోతుంది. అక్కడి నుంచి నెల రోజులు మీకు ఉన్నాయి గానీ, చివరి రోజు దాకా ఆగకుండా మార్చి మొదటి వారంలోనే ఫిర్యాదు దాఖలు చేయండి. చెక్కును మీ ఖాతాలో జమకు వేశారు కాబట్టి 2015 సవరణ ప్రకారం మీ ఖాతా ఉన్న బ్యాంకు శాఖ ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో ఆ కోర్టులోనే ఫిర్యాదు వేయవచ్చు.

ఈ తీర్పు వెనుక ఉన్నది జనరల్ క్లాజెస్ చట్టం (1897) 27వ సెక్షన్. అది చిన్న సెక్షనే అయినా టపా వ్యవహారాలన్నిటికీ మూలస్తంభం లాంటిది. చిరునామా సరిగా రాసి, టపా ఖర్చు ముందే చెల్లించి, రిజిస్టరు పోస్టులో వేసిన కాగితం, మామూలుగా ఎన్నాళ్లలో చేరాలో అన్నాళ్లలో చేరినట్టే చట్టం భావిస్తుంది. చేరలేదని రుజువు చేసే భారం అవతలివారిది. "నాకు రాలేదు" అని నోటితో అన్నంత మాత్రాన అది రుజువు కాదు. ఆ రోజుల్లో తాను ఊళ్లో లేనని, ఆ ఇల్లు ఎప్పుడో ఖాళీ చేశానని, లేదా ఆ చిరునామా తనది కానే కాదని ఏదో ఒక ఆధారంతో చూపించాలి. ఇంటికి తాళం వేసి ఉన్నదని కవరు వాపసు వచ్చిన సందర్భంలో ఆ రాత నిజమా, నోటీసును తప్పించుకోవడానికి ఆడిన నాటకమా అన్నది సాక్ష్యం మీద తేలవలసిన విషయమని, ఆ ఒక్క కారణంతో ఫిర్యాదును మొదట్లోనే తోసిపుచ్చరాదని 2006లో డి. వినోద్ శివప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ మరుసటి ఏడాది, 2007లో, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం సి.సి. అలవి హాజీ కేసులో ఇంకొక మాట చేర్చింది. నా దృష్టిలో ఈ విషయంపై వచ్చిన తీర్పులన్నిటిలో సామాన్యుడికి బాగా పనికొచ్చేది అదే. నోటీసు నిజంగానే అందలేదని చెప్పే వ్యక్తి, కోర్టు నుంచి ఫిర్యాదు ప్రతితో సహా సమన్లు అందిన 15 రోజుల్లోపు చెక్కు సొమ్ము చెల్లించి, కేసు కొట్టివేయమని కోరవచ్చు. అలా చెల్లించకుండా, నోటీసు సరిగా అందలేదని వాదించే హక్కు అతనికి ఉండదు. మీ వ్యాపారి బజారులో ఎన్ని మాటలైనా చెప్పనివ్వండి, కోర్టులో ఆయన ముందు ఉండే దారి సొమ్ము కట్టడమే.

ఇక మీ చేతిలో ఉన్న ఆ కవరు సంగతి. చాలామంది వాపసు వచ్చిన కవరును ఇంట్లో చించి, లోపలి కాగితం తీసి చూసి, మళ్లీ గమ్‌తో అతికించి మా దగ్గరకు తెస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు. అతికించిన మూత ఊడకుండా ఉన్న కవరును అలాగే కోర్టుకు ఇస్తే, లోపల ఉన్నది ఆ నోటీసేనా, తెల్లకాగితమా అన్న ప్రశ్న వచ్చినప్పుడు కోర్టులో అందరి ఎదుటా తెరిచి చూస్తారు. కవరును వెనక్కి తిప్పి చూడండి. పోస్టుమాన్ నీలం ఇంకుతో రాసిన తేదీలు, పక్కన పొడి సంతకం, ఇంటివారికి కబురు చేసినట్టు 'ఇంటిమేషన్' అన్న మాట, ఆపైన పోస్టాఫీసు గుండ్రటి ముద్ర కనిపిస్తాయి. ఆ నాలుగు గీతలే మీ సాక్ష్యం. కౌంటరులో ఇచ్చిన రశీదును మాత్రం ఈరోజే జిరాక్సు తీయించండి. వేడితో అచ్చయ్యే ఆ పలుచని కాగితం ఒక ఎండాకాలం గడిచేసరికి తెల్లబడిపోతుంది. కేసు విచారణకు వచ్చేనాటికి అంకె ఒక్కటి కూడా కనిపించని రశీదులు తెచ్చి, చేతులు నలుపుకొనే వారిని ఎందరినో చూశాను. కవరు ఎక్కడెక్కడ తిరిగిందో తపాలా శాఖ వెబ్‌సైటులో చూపే వివరాలను కూడా ఇప్పుడే అచ్చు తీసి దాచుకోండి.

ఒక్క చోట మాత్రం మీ కేసుకు గండి పడే ప్రమాదం ఉంది. కవరు మీద రాసిన చిరునామా ఆయన ఇంటిదా, దుకాణానిదా మీరు రాయలేదు. ఆయన రోజంతా దుకాణంలో ఉంటాడని తెలిసి కూడా నోటీసును ఇంటికి మాత్రమే పంపి ఉంటే, ఆయన వకీలు మొదట పట్టుకునేది దాన్నే. ఇంటి చిరునామా కూడా సరైనదే అయితే చట్టప్రకారం సరిపోతుంది. అయినా నోటీసు ఇచ్చేటప్పుడు ఇంటికొకటి, వ్యాపార స్థలానికొకటి పంపడం మంచి అలవాటు. ఇంటి నంబరు, వీధి, 508207 వంటి పిన్‌కోడు సహా ఆయన మీకిచ్చిన బిల్లు మీదో, ప్రామిసరీ నోటు మీదో ఉన్న చిరునామాను అక్షరం పొల్లు పోకుండా రాయించండి.

ప్రశ్న: రిజిస్టరు పోస్టు ఎత్తివేశారని చెబుతున్నారు. మరి అద్దె ఇంటి ఖాళీ నోటీసులు ఇకమీదట ఎలా పంపాలి? అవి చెల్లుతాయా? (సూర్యాపేట)

జవాబు: ఎత్తివేయలేదు, స్పీడ్ పోస్టులో కలిపారు. 2025లో తపాలా శాఖ రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో విలీనం చేసి, అక్టోబరు 1 నుంచి కొత్త ధరలు పెట్టింది. ఇప్పుడు స్పీడ్ పోస్టు ఖర్చుకు అదనంగా 5 రూపాయలు, దానిపై జీఎస్టీ చెల్లించి 'రిజిస్ట్రేషన్' కోరవచ్చు. అలా కోరిన కవరును చిరునామాదారుకు గానీ, ఆయన అధికారం ఇచ్చిన వ్యక్తికి గానీ మాత్రమే అందజేస్తారు. కౌంటరులో ఆ మాట మీరే అడగాలి. అడగకపోతే మామూలు స్పీడ్ పోస్టుగా వెళ్లిపోతుంది. 27వ సెక్షన్‌లో 'రిజిస్టరు పోస్టు' అన్న మాట ఇప్పటికీ అలాగే ఉన్నది కాబట్టి, చట్టపరమైన నోటీసు ఏదైనా సరే ఆ 5 రూపాయల దగ్గర పొదుపు చేయవద్దని నా సలహా. కోర్టు సమన్ల విషయంలో ఈ చర్చకు తావు లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 2002 సవరణల నాటి నుంచే రిజిస్టరు పోస్టుతో పాటు స్పీడ్ పోస్టును, హైకోర్టు ఆమోదించిన కొరియరును కూడా అంగీకరిస్తున్నది.

అద్దె నోటీసు గురించి అడిగారు కాబట్టి ఒక మాట. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద నెలవారీ అద్దెదారుకు ఇవ్వవలసిన 15 రోజుల గడువు, మీరు పోస్టులో వేసిన తేదీ నుంచి కాకుండా ఆయనకు నోటీసు అందిన తేదీ నుంచి మొదలవుతుంది. కాబట్టి నోటీసులో గడువు తేదీని బిగించి రాయకుండా టపాకు పట్టే రోజులకు కాస్త చోటు వదలండి. మీ ఇల్లు తెలంగాణ అద్దె నియంత్రణ చట్టం పరిధిలోకి వచ్చే పక్షంలో ఖాళీ చేయించే దారే వేరు. అద్దె ఎంత, కట్టడం ఎప్పటిది అన్న వివరాలతో దగ్గరలోని న్యాయవాదిని కలవండి.

ప్రశ్న: మాది మక్తల్ దగ్గర పల్లె. మా అన్న, వదిన పుణేలో మేస్త్రీ పనికి పోయి ఏడు నెలలు అవుతున్నది. ఇక్కడ మా అమ్మ ఒక్కతే ఉంటుంది. పొలం పంపకం కోసం మా చిన్నాయన కోర్టులో దావా వేశాడు. అన్న పేరున సమన్లు వస్తే, సంతకం పెడితే ఒప్పుకున్నట్టు అవుతుందని ఎవరో చెప్పగా అమ్మ భయపడి వాపసు పంపింది. వాపసు పంపాము కాబట్టి కేసు ఆగుతుందా? అన్నకు తెలియకుండానే తీర్పు వస్తుందా?

జవాబు: కేసు ఆగదు. తీర్పు రావచ్చు కూడా. పాలమూరు పల్లెల నుంచి ఈ ప్రశ్న ప్రతి ఏటా వస్తుంది. పుణే, ముంబైలకు పనికి వెళ్లిన వారి ఇళ్లలో ముసలివారు మాత్రమే మిగిలి, పోస్టులో ఏ కాగితం వచ్చినా ఉరితాడు వచ్చినట్టు భయపడుతున్నారు. ముందుగా ఆ భయం పోవాలి. పోస్టుమాన్ చూపిన చోట సంతకం పెట్టడం అంటే కవరు చేతికి వచ్చిందని చెప్పడం మాత్రమే. లోపల రాసిన దానికి ఒప్పుకున్నట్టు కానే కాదు. చిన్నాయన దావాలో రాసిన ప్రతి అక్షరాన్నీ కాదని చెప్పే హక్కు, కవరు తీసుకున్న తరువాత కూడా మీ అన్నకు అంతే ఉంటుంది. కవరు తీసుకోకపోతేనే ఆ హక్కు వాడుకోవడానికి సమయం లేకుండా పోతుంది.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డరు 9వ రూలు ప్రకారం, ప్రతివాది గానీ అతని ఏజెంటు గానీ సమన్లు తీసుకోవడానికి నిరాకరించినట్టు పోస్టాఫీసు రాతతో కవరు వాపసు వస్తే, సమన్లు అందినట్టే కోర్టు ప్రకటిస్తుంది. నిరాకరించిన రిజిస్టరు నోటీసులో ఏమున్నదో కూడా నిరాకరించిన వ్యక్తికి తెలిసినట్టే భావించాలని సుప్రీంకోర్టు 1981లో హర్‌చరణ్ సింగ్ కేసులో చెప్పింది. తెరవని కవరులోని విషయం కూడా తెలిసినట్టే లెక్క అన్నమాట. మీ విషయంలో ఒక సన్నని వాదన ఉంది. నిరాకరించింది మీ అన్న కాదు, మీ అమ్మ; ఆమెను మీ అన్నకు ఏజెంటు అనవచ్చా అన్నది వాదించదగ్గ ప్రశ్నే. అయితే అవతలి వకీలు చేతిలో 15వ రూలు ఉంది. ప్రతివాది ఇంట్లో లేనప్పుడు, త్వరలో వచ్చే అవకాశం లేనప్పుడు, అతనితో కలిసి నివసించే కుటుంబంలోని పెద్దవారికి, ఆడవారైనా మగవారైనా, సమన్లు ఇవ్వవచ్చని అది చెబుతుంది. ఇంట్లో పనిచేసేవారు మాత్రం కుటుంబ సభ్యులు కారని అదే రూలులో స్పష్టంగా ఉంది. ఏడు నెలలుగా పుణేలో ఉంటున్న కొడుకు తల్లితో "కలిసి నివసిస్తున్నట్టా" అన్న చర్చ కోర్టులో నడుస్తుంది. ఆ చర్చ మీద ఆశ పెట్టుకొని కూర్చోవడం కన్నా దావాకు జవాబు వేసుకోవడం మేలు.

ఇప్పుడు చేయవలసిన పనులు ఇవి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో గానీ, ఫోనులోని ఆ యాప్‌లో గానీ మీ అన్న పేరు, జిల్లా, కోర్టు వివరాలు పెట్టి చూస్తే దావా నంబరు, వాయిదా తేదీ తెలుస్తాయి. మీ అన్న పుణే నుంచి రానక్కర లేదు. వకాలత్ మీద సంతకం చేసి స్పీడ్ పోస్టులో పంపితే ఇక్కడి న్యాయవాది ఆయన తరఫున హాజరవుతారు. సమన్లు అందిన నాటి నుంచి 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. కారణం చూపితే కోర్టు 90 రోజుల వరకు పొడిగించవచ్చు. ప్రతివాది రాలేదని ఇప్పటికే కేసును ఎక్స్‌పార్టీగా పెట్టి ఉంటే, తీర్పు రాకముందే 9వ ఆర్డరు 7వ రూలు కింద తగిన కారణం చెప్పి మళ్లీ లోపలికి రావచ్చు. ఒకవేళ డిక్రీయే వచ్చి ఉంటే, దానిని రద్దు చేయమని 13వ రూలు కింద దరఖాస్తు చేయడానికి గడువు 30 రోజులు. మామూలుగా ఆ 30 రోజులు డిక్రీ తేదీ నుంచి లెక్కించాలి. సమన్లు సరిగా అందని పక్షంలో డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్కిస్తారు. మీ అమ్మ నిరాకరణ గురించి పైన చెప్పిన సన్నని వాదనకు అసలు విలువ వచ్చేది ఇక్కడే.

ఇంకొక మాట. పల్లె పోస్టాఫీసులో పనిచేసే డాక్ సేవక్‌కు ఊళ్లో ఎవరు ఎక్కడున్నారో తెలుసు. "మా అన్న పుణేలో ఉన్నాడు, చిరునామా ఇదీ" అని రాతపూర్వకంగా పోస్టాఫీసులో ఇస్తే, ఆయనకు వచ్చే టపాను అక్కడికి మళ్లించే ఏర్పాటు ఉంది. అది చేయకపోయినా, కనీసం అమ్మకు ఒక్క సంగతి చెప్పండి: కవరు వస్తే తీసుకొని, తెరవకుండా, దాని ఫోటో తీయించి మీకు పంపమనండి.

ప్రశ్న: మేము గద్వాలలో నేత పనివాళ్లం. హైదరాబాదు, బెంగళూరు నుంచి ఫోనులో అడిగినవారికి చీరలు స్పీడ్ పోస్టులో పంపుతుంటాము. ఇంతవరకు ఏదీ పోలేదు గానీ, "దారిలో పోతే ఎవరిది పూచీ?" అని కొనేవారు అడుగుతున్నారు. ఏమని చెప్పాలి?

జవాబు: ఈ ప్రశ్నను చీర పోకముందే అడిగినందుకు సంతోషం. ఇందులో నిజానికి రెండు సంగతులు ఉన్నాయి. తపాలా శాఖ ఎంత ఇస్తుందన్నది ఒకటి, మీకూ కొన్నవారికీ మధ్య నష్టం ఎవరిదన్నది రెండోది.

మొదటిది చేదుగానే ఉంటుంది. 1898 నాటి పాత పోస్టాఫీసు చట్టం స్థానంలో 2023 నాటి కొత్త చట్టం 2024 జూన్ 18 నుంచి అమలులోకి వచ్చింది. పాత చట్టం 6వ సెక్షన్‌లో ఉన్న రక్షణనే కొత్త చట్టం 10వ సెక్షన్ కొనసాగించింది. టపాలో వస్తువు పోయినా, ఆలస్యమైనా, చెడిపోయినా, వేరొకరికి చేరినా, నిబంధనల్లో తానై ఒప్పుకున్న మేరకు తప్ప తపాలా శాఖకు బాధ్యత లేదు. ఉద్యోగి మోసంతోనో, బుద్ధిపూర్వకంగానో నష్టం కలిగిస్తే ఆ ఉద్యోగి మీద చర్యకు దారి ఉంది. స్పీడ్ పోస్టు వస్తువు పోతే, చెల్లించిన టపా ఖర్చుకు రెట్టింపు లేదా వెయ్యి రూపాయలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది ఇవ్వాలన్నది పాత చట్టం కింద చాలాకాలం నడిచిన నిబంధన. నూలు ఒడలికి పట్టు అంచును, కొంగును జోడించి రోజుల తరబడి నేసిన చీరకు ఆ మొత్తం ఏ మూలకు సరిపోతుంది? వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినవారికి కూడా ఈ రక్షణ సెక్షనే ఎదురైంది. కాబట్టి ఉన్న ఒకే ఒక్క మంచి మార్గం బీమా. పార్శిల్ ఇచ్చేటప్పుడే విలువ ప్రకటించి, దానికి తగిన బీమా రుసుము కట్టి, రశీదులో ఆ విలువ అచ్చయిందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. చీర అసలు ధరకన్నా ఎక్కువ విలువ ప్రకటించవద్దు. తక్కువ ప్రకటించి మిగతాది తరువాత అడగడం కుదరదు. లోపల పెట్టిన బిల్లు ప్రతి ఒకటి మీ దగ్గర కూడా ఉండాలి.

రెండో సంగతి మీ చేతిలో ఉంది. వస్తు విక్రయ చట్టం (1930) 39వ సెక్షన్ ప్రకారం, కొనేవారికి పంపమని మీరు రవాణాదారుకు సరుకు అప్పగించిన క్షణమే, వేరే ఒప్పందం లేకపోతే, కొనేవారికి అప్పగించినట్టు లెక్క. అంటే ఆ క్షణం నుంచి దారిలోని నష్టం సాధారణంగా కొన్నవారిదే అవుతుంది. కానీ ఆ సెక్షన్‌లోనే ఇంకొక షరతు ఉంది: సరుకు స్వభావాన్ని బట్టి రవాణాదారుతో సహేతుకమైన ఏర్పాటు చేయవలసిన బాధ్యత అమ్మినవారిది, అది చేయకపోతే, దారిలో పోయిన సరుకు తనకు అందినట్టు ఒప్పుకోనని కొన్నవారు అనవచ్చు. పన్నెండు వేల చీరను బీమా లేకుండా మామూలు కవరులో వేస్తే అది సహేతుకమైన ఏర్పాటు అని ఏ కోర్టును ఒప్పించడమైనా కష్టమే. సరుకు అందాకే డబ్బు ఇచ్చే పద్ధతిలో, అంటే క్యాష్ ఆన్ డెలివరీలో, చీర ఇంటి గడప చేరేదాకా పూచీ మీదేనని ఇరుపక్షాలూ అనుకుంటున్నట్టే. అందువల్ల చీర ఫోటోతో పాటు వాట్సాప్‌లో ఒక వాక్యం పంపి, కొనేవారి చేత "సరే" అనిపించుకోండి: "బీమా ఖర్చు ఇంత; అది మీరు భరిస్తే బీమాతో పంపుతాము; వద్దంటే దారిలోని నష్టం మీది." ఆ ఒక్క "సరే" మీ ఒప్పందం. అది లేకుండా ఎంత నోటిమాటగా చెప్పుకున్నా రేపు గుర్తు చేసుకునేవారు ఉండరు.

డబ్బు విషయంలోనూ ఇటువంటి తర్కమే నడుస్తుంది. చెక్కును పోస్టులో పంపమని మీరే కోరితే, పోస్టాఫీసు మీకు ఏజెంటు అవుతుంది. చెక్కు పోస్టులో వేసినప్పుడే, వేసిన చోటనే మీకు చెల్లింపు జరిగినట్టని 1954లో ఓగలే గ్లాస్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజుల్లో అది ఆదాయపు పన్ను తగాదా. అయినా సూత్రం మీకూ వర్తిస్తుంది. కాబట్టి "చెక్కు పోస్టులో పంపండి" అని మీరుగా రాయవద్దు.

ప్రశ్న: రాఖీ కవరులో ఐదు వందల నోటు పెట్టి పంపవచ్చా? (దేవరకొండ)

జవాబు: పంపకూడదు. నోట్లు, నాణేలు, బంగారం వంటివి పంపాలంటే బీమా చేసిన కవరులోనే పంపాలి. మామూలు కవరులో పెట్టిన నోటు పోతే ఫిర్యాదు చేయడానికి కూడా నోరు రాదు, ఎందుకంటే నిబంధన తప్పింది మీరే. అన్నయ్యకు ఫోన్‌పేలో పంపి, కవరులో రాఖీ ఒక్కటే పెట్టండి.

ప్రశ్న: పోస్టులో పోయే మన ఉత్తరాలను పోలీసులు తెరిచి చూడవచ్చా? (వనపర్తి)

జవాబు: తమంతట తాముగా తెరవలేరు. ఒక కేసు దర్యాప్తులో ఏదైనా కవరు లేదా పార్శిల్ అవసరమైతే, భారతీయ నాగరిక సురక్షా సంహిత 95వ సెక్షన్ ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు, చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటు, సెషన్స్ కోర్టు లేదా హైకోర్టు ఉత్తర్వు ఉంటేనే తపాలా అధికారులు దానిని అప్పగిస్తారు. ఆ ఉత్తర్వు వచ్చేలోగా ఆ కవరును వెతికి ఆపి ఉంచమని మాత్రం పోలీసు కమిషనరు లేదా జిల్లా ఎస్పీ కోరవచ్చు.

దీనికి తోడుగా 2023 పోస్టాఫీసు చట్టంలో 9వ సెక్షన్ ఉంది. రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, అత్యవసర పరిస్థితి, ప్రజా భద్రత కోసం గానీ, ఏదైనా చట్ట ఉల్లంఘన జరిగినప్పుడు గానీ, టపాలో ఉన్న వస్తువును ఆపడానికి, తెరవడానికి కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఏ అధికారికైనా అధికారం ఇవ్వవచ్చు. ఈ అధికారం కొత్తగా పుట్టింది కాదు. పాత చట్టంలోనూ 26వ సెక్షన్‌గా ఉండేది. దాన్ని విస్తరించడానికి 1986లో పార్లమెంటు ఆమోదించిన సవరణ బిల్లుకు నాటి రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ సంతకమూ చేయలేదు, తిప్పి పంపనూ లేదు. అది అలాగే పడి ఉండి, చివరకు ఉపసంహరణకు గురైంది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది కాబట్టి, 9వ సెక్షన్ కింద మీ కవరును తెరిస్తే ఆ చర్యను హైకోర్టులో రిట్ ద్వారా ప్రశ్నించే వీలు మీకు ఉంది. "ఏదైనా చట్ట ఉల్లంఘన" అన్న మాట మరీ వెడల్పైనదని నా అభిప్రాయం. పాత చట్టంలో, పోస్టు ఉద్యోగి అక్రమంగా ఉత్తరం తెరిస్తే నేరమని ప్రత్యేక సెక్షన్లు ఉండేవి. కొత్త చట్టంలో అటువంటి నేరాల అధ్యాయమే లేదు. మీ కవరు అతికించిన చోట చినిగి, మళ్లీ టేపుతో మూసి వచ్చిందనుకోండి: తీసుకునేటప్పుడే పోస్టుమాన్ ఎదుట దాని ఫోటో తీసి, కవరు ఏ స్థితిలో అందిందో అదే రోజు పోస్టుమాస్టరుకు రాతపూర్వకంగా తెలిపి, మీ ప్రతి మీద ముద్ర వేయించుకోండి.